పొద్దుటి ముద్రలు

సాయో పోయిన రోజు పొద్దున ఆ పిల్ల కార్డు మీద ముద్ర వేసింది మినేకోయే. ఆగస్టు పంతొమ్మిది, సోమవారం, ఆరున్నర. వేసవి సెలవుల్లో రోజూ లాగే ఊరి పిల్లలంతా బడి మైదానంలో చేరారు, మెడలో దారానికి కట్టిన అట్ట కార్డులు వేలాడుతున్నాయి, మెట్టు మీద పెట్టిన రేడియోలోంచి పియానో మోగుతోంది, ఒకటీ రెండూ మూడూ అని ఒక గొంతు చెబుతుంటే నలభై మంది చేతులు పైకెత్తి దించుతున్నారు. గెంతే వంతు వచ్చినప్పుడు మినేకో కళ్లు రెండో వరుసలో ఉన్న తన కూతురి కాళ్ల మీదే ఉన్నాయి. తొమ్మిదేళ్ల పిల్ల. రెండు మడమలూ ఒకేసారి లేచాయి, ఒకేసారి నేలకు తగిలాయి, ఎడమ పాదం తిన్నగా ఉంది. చూశావా, చక్కగా గెంతగలదు, అనుకుంది. వ్యాయామం అయ్యాక పిల్లలు వరుసలో నిలబడితే ఒక్కొక్కరి కార్డూ ఎత్తి పట్టుకుని ఆ రోజు గడిలో ఎర్ర ముద్ర వేస్తూ వచ్చింది, సాయో వంతు వచ్చినప్పుడు కొంచెం గట్టిగానే నొక్కింది, సాక్ష్యం తీసుకుంటున్నట్టు. ఆ సాయంత్రం ఐదున్నరకు, బడికీ ఇంటికీ మధ్య పొలం కాలవలో, తూము దించడానికి వచ్చిన రైతుకు ఆ పిల్ల బోర్లా దొరికింది. నీళ్లు మోకాలి లోతు. రైతు ఆ మాట రెండుసార్లు చెప్పాడు, మోకాలి లోతేనండీ టీచరుగారూ, నేను చెప్పులు కూడా విప్పకుండా దిగాను.

నాలుగేళ్లు గడిచాయి. ఇప్పుడు నవంబరు, నగరంలోని పెద్దాసుపత్రి రెండో అంతస్తు, ఆకుపచ్చ రెక్సిన్ బెంచీ, ఎదురుగా గోడ మీద గడియారం. నాలుగు దాటి మూడు నిమిషాలు. రెండో కూతురు మాకిని నర్సు లోపలికి తీసుకెళ్లి తలుపు వేసింది. ఐదింటికి నడిపిస్తారు. నిన్న పొద్దున సగం మాత్ర, మధ్యాహ్నం సగం, ఇవాళ పొద్దున మళ్లీ సగం, మధ్యాహ్నం సగం, అంతే, రెండు రోజులకు రెండు మాత్రలు. మధ్యాహ్నం నుంచి పిల్లను కునుకు తియ్యనివ్వొద్దన్నారు, కునుకు తీస్తే మందు వల్ల నడిచిందో నిద్ర వల్ల నడిచిందో తెలియదట. అందుకని మినేకో అన్నం తిన్న దగ్గర్నుంచి మాకితో రంగు కాగితాలు మడతపెట్టిస్తూ కూర్చుంది, కొంగ తరువాత కప్ప, కప్ప తరువాత పడవ, పిల్ల కళ్లు మూతలు పడినప్పుడల్లా భుజం తట్టి లేపింది. తలుపు వెనక నేల మీద తెల్ల పట్టీ అంటించి ఉంది, పది అడుగులు. పిల్ల దాని మీద నడవాలి. నడవాలి, నడవాలి, అని తన లోపల ఎవరో అంటూనే ఉన్నారు, ఆ వెంటనే ఇంకెవరో, నడిస్తే? అంటున్నారు. మాకి ఏడేళ్ల పిల్ల, దానికి కాళ్లు కావాలి, అమ్మ అన్నది ఇంకేం కోరుకుంటుంది. నడిస్తే, సగం మాత్రతో నడిస్తే, సాయో నాటకం ఆడలేదు. మినేకో గడియారం వైపు చూసింది. నాలుగు దాటి నాలుగు నిమిషాలు.

సాయోకి ఆరేళ్లప్పుడు మొదలైంది. పొద్దున బడికి పరుగెత్తేది, మధ్యాహ్నానికి ఎడమ మడమ నేలకు ఆనేది కాదు, సాయంత్రానికి పాదం లోపలికి తిరిగిపోయి కాలివేళ్ల మీద ఈడ్చుకుంటూ వచ్చేది, మోకాళ్లు కర్రల్లా బిగుసుకుపోయేవి. ఒక గంట పడుకుని లేస్తే మళ్లీ నడిచేది. ఆ గంటే దాన్ని దోషిని చేసింది. నిద్ర లేచి నడవగలిగిన పిల్ల నిద్రకు ముందు ఎందుకు నడవలేదు? అంట్లు తోమమన్నప్పుడే కదా కాలు వంకర పోయింది, అనేది అత్తగారు, మా కాలంలో ఇలాంటి రోగం వస్తే వెదురు బెత్తమే మందు, రెండు మోతాదులు చాలు. బడిలో పిల్లలు ఇంకా తెలివైనవాళ్లు. మధ్యాహ్నం భోజనాలయ్యాక తరగతులన్నీ పిల్లలే తుడవాలి, తడిగుడ్డ మీద రెండు చేతులూ ఆనించి నడవా పొడవునా వంగి పరుగెత్తాలి, సాయో మధ్యలో ఒరిగిపోయేది, వెనకనుంచి వచ్చేవాళ్లు దాని మీద పడేవాళ్లు. పొద్దున కుందేలు, మాపున తాబేలు! అని పాట కట్టారు. ఆటల పోటీల రోజు రిలే పరుగును పొద్దున్నే పెట్టి ఉంటే అది గెలిచేదేమో, మధ్యాహ్నం రెండున్నరకు పెట్టారు, కర్ర అందుకుని నాలుగు అడుగులు వేసి పడింది, దుమ్ములోనే కర్రను ముందుకు చాచి పట్టుకుంది, తీసుకునేవాళ్లు ఎవరూ రాలేదు. మినేకో గుడారం కింద మిగతా టీచర్ల పక్కన కూర్చుని ఉంది. లేవలేదు. ఒకే బడిలో టీచరుగా ఉన్న తల్లి తన పిల్లను చూసి లేవకూడదు. బడి గేటు లోపల సాయో ఆమెను టీచర్ అనాలి, ఆమె సాయోని ఇంటిపేరుతో కురొసె అని పిలవాలి. ఎవరూ పెట్టని నియమం. అందరూ పాటించేదే. మినేకో అందరికంటే బాగా పాటించింది, అది చూసి హెడ్మాస్టరు ఒకసారి మెచ్చుకున్నాడు కూడా.

డాక్టర్లకు చూపించలేదా అంటే చూపించింది. మూడు చోట్ల. కొత్త రోగులను పొద్దున పదకొండు లోపే చూస్తారు, అందుకని మొదటి బస్సుకు బయలుదేరి, తలుపులు తెరవక ముందే వరుసలో నిలబడి, మొదటి నంబరు తీసుకునేది, అలా ముందు వెళ్లడం మంచి తల్లి లక్షణం అనుకునేది. సాయో బస్సులో కిటికీకి తల ఆనించి నిద్రపోయేది కూడా. తొమ్మిదింటికి డాక్టరు ముందు ఒంటికాలి మీద నిలబడమంటే నిలబడింది, గెంతమంటే గెంతింది. ఒకాయన మోకాలి మీద చిన్న సుత్తితో కొట్టి నవ్వాడు, తల్లి ఉద్యోగానికి వెళ్తుంది కదా, పిల్లకు మీరు కావాలి, అంతే, పట్టించుకోకండి, పట్టించుకున్న కొద్దీ పెరుగుతుంది. పట్టించుకోకండి. మినేకో మాట వినే మనిషి. డాక్టరు చెప్పింది చెప్పినట్టు చేసింది.

"ఏమ్మా, ఎవరి కోసం?" పక్కన కూర్చున్న ముసలావిడ అడిగింది. ఒళ్లో సంచీ, సంచీలో కమలాలు. ఆమె అవతల భర్త కూర్చున్నాడు, మోకాళ్ల మీద రెండు చేతులూ ఆగకుండా వణుకుతున్నాయి.

"మా పాప కోసమండీ."

"పాపకా? ఇక్కడ అందరూ మా ఆయనలాంటి వాళ్లే వస్తారే. యాభై ఏళ్లు నన్ను వణికించాడు, ఇప్పుడు కూర్చుని తనే వణుకుతున్నాడు."

"నీ నోటికి కూడా మాత్ర ఉందేమో డాక్టర్ని అడుగుతా ఉండు," అన్నాడు ముసలాయన, మొహంలో ఏ కదలికా లేకుండా.

"అడుగు, అడుగు. నా నోరు పడిపోతే నీ బొత్తాలు ఎవరు పెడతారో అది కూడా అడుగు." అంటూనే వంగి అతని చొక్కా అంచు సరిచేసి, ఒక కమలాపండు తీసి మినేకో చేతిలో పెట్టింది.

ముసలాయనకూ మాకికీ ఒకే మందు. తనిముర డాక్టరు మొన్న చెప్పాడు, ఇది ముసలివాళ్ల వణుకుకు ఇచ్చే మందేనండీ టీచరుగారూ, వాళ్లకు గుప్పెళ్లకొద్దీ కావాలి, మీ పాపకు చిటికెడు చాలు. చిటికెడు చాలు, అన్నాడు సంతోషంగా. మెదడులో ఒక పదార్థం చాలినంత ఊరదట. చలమలో నీళ్లలాంటిది, రాత్రి నిద్రలో కాస్త ఊరుతుంది, పొద్దంతా తోడేస్తే సాయంత్రానికి అడుగు కనిపిస్తుంది. పుట్టుకతో వచ్చేదే, వంశంలో నడుస్తుంది, ఆడపిల్లల్లో ఎక్కువ. చాలా అరుదు. కానీ పోల్చుకుంటే చాలు, ఇంత తేలిగ్గా లొంగే జబ్బు ఇంకొకటి లేదు, జీవితాంతం ఈ మాత్ర వేసుకుంటే చాలు, పెళ్లి చేసుకుంటుంది, పిల్లల్ని కంటుంది, కొండలెక్కుతుంది. ఈ ఆసుపత్రిలోనే ఏడేళ్ల క్రితం ఒక పిల్లకు ఇచ్చాం, ఇప్పుడు బాస్కెట్‌బాల్ ఆడుతోంది. ఏడేళ్ల క్రితం. మినేకో లెక్కల టీచరు కూడా, ఏడులోంచి నాలుగు తియ్యడానికి ఆమెకు కాగితం అక్కర్లేదు. సాయో పోయేనాటికే మూడేళ్లుగా ఆ మాత్ర ఈ మేడలో, ఏదో సీసాలో, రెండు గంటల బస్సు దూరంలో ఉంది.

పోల్చుకోవడం కూడా బస్సు పుణ్యమే. వాన పడి కొండ దారిలో మట్టి పెళ్ల విరిగి అడ్డంగా పడింది, పొద్దున ఎనిమిదింటికి చేరాల్సిన బస్సు మధ్యాహ్నం మూడింటికి చేరింది. కొత్తవాళ్లకు టైమైపోయిందండీ, రేపు పొద్దున రండి, అంది కిటికీ వెనక అమ్మాయి. మినేకో తల వంచి సరే అంది. మాకి నడవలేక గోడ పట్టుకుని వస్తోంది, ఎడమ పాదం లోపలికి తిరిగి ఉంది, టీ తాగడానికి పోతున్న తనిముర డాక్టరు ఆగాడు. వంగి ఆ పాదం వైపు చూశాడు. "ఈ పాప పొద్దున ఎలా ఉంటుంది?" అని అడిగాడు. ఆ ఒక్క ప్రశ్న. మూడు ఆసుపత్రుల్లో ఒక్కరూ సాయంత్రం తీసుకురండి చూస్తామనలేదు, ఈయన పొద్దున ఎలా ఉంటుందని అడిగాడు. బస్సు సమయానికి వచ్చి ఉంటే మాకి కూడా తొమ్మిదింటికి ఒంటికాలి మీద నిలబడి ఉండేది. మట్టి పెళ్ల నాలుగేళ్ల ముందు విరిగి ఉంటే.

సాయో పోయిన రోజు మధ్యాహ్నం మూడు. సెలవుల్లో పిల్లలకు బడి ఈతకొలను ఒంటిగంట నుంచి. మినేకో ఆ రోజు డ్యూటీ, స్టాఫ్ రూములో రిజిస్టర్లు సర్దుతోంది, కిటికీ అవతల చిమ్మెటలు ఒకటే గోల. సాయో తలుపు చట్రం పట్టుకుని నిలబడింది, జుట్టు తడి, తువ్వాలు మెడ చుట్టూ, ఎడమ మడమ గాల్లో ఉంది. "అమ్మా, నడవలేకపోతున్నా. కాసేపు ఇక్కడ పడుకుని నీతో వస్తా." అవతలి బల్ల దగ్గర ఇద్దరు టీచర్లున్నారు, ఒకామె తల ఎత్తింది. "ఇక్కడ అమ్మ ఎవరూ లేరు," అంది మినేకో. పిల్ల ఒక్క క్షణం ఆగి, పాఠం దిద్దుకున్నట్టు, "టీచర్, కాసేపు పడుకోనా?" అంది. "పొద్దున గెంతావు. నేనే ముద్ర వేశాను. నడువు." అంతే. కోపంగా కూడా అనలేదు. ఎర్ర సిరాతో తప్పు చుట్టి పక్కన సరైన జవాబు రాసేటప్పుడు ఎవరికైనా కోపం వస్తుందా. పిల్ల వంగి నమస్కరించింది, గేటు లోపల ఉంది కదా. ఒక గంట పడుకోనిచ్చి ఉంటే చలమ ఊరేది. ఒక్క గంట. ఇప్పుడు ఈ బెంచీ మీద కూర్చున్నంత సేపు. మినేకో కిటికీలోంచి దాన్ని మలుపు దాకా చూసింది. పది అడుగులకొకసారి ఆగింది. చూస్తున్నానని తెలిసి ఆగుతోంది, అనుకుంది. మలుపు తరువాత కనిపించలేదు, మలుపు తరువాత చూసేవాళ్లు లేరు, అక్కడ దానికి నాటకం ఆడాల్సిన పనేముంది? ఈ ఆలోచన మినేకోకు ఆ రోజు రాలేదు. ఆ తరువాత ఏ రోజూ పోలేదు.

ఊరు ఇంకో సంగతి చెప్పింది. పితృదేవతల పండగ వెళ్లి మూడు రోజులే అయింది, పండగ వెళ్లాక పిల్లల్ని నీళ్ల దగ్గరికి పంపకూడదు, తిరిగి వెళ్లే చచ్చినవాళ్లు తోడు కోసం కాళ్లు పట్టుకుని లాగుతారు. చిన్నప్పటి నుంచి అందరూ విన్నదే. శవం పక్కన అగరొత్తులు వెలిగిస్తూ అత్తగారు మినేకో చెవిలో అంది, "నీ తప్పు కాదే. కాలు పట్టి లాగారు. పండగ అయ్యాక ఎవరి కాళ్లు ఎవరి చేతుల్లో ఉంటాయో!" జీవితంలో మొదటిసారి కోడలి మీద జాలిపడి అన్న మాట అది. మినేకో ఆ మాటను పట్టుకుంది, నాలుగేళ్లు పట్టుకునే ఉంది. ఎవరైనా అడిగితే పండగ తరువాత పోయిందండీ అనేది, అవతలివాళ్లు అయ్యో అనేవాళ్లు, ఇంకేమీ అడిగేవాళ్లు కాదు. ఆ పండగకే సాయో కీరకాయకు పుల్లలు గుచ్చి గుర్రం చేసింది, చచ్చినవాళ్లు దాని మీద ఎక్కి త్వరగా ఇంటికి రావాలి. ఒక పుల్ల లోపలికి వంగింది, సరిచెయ్యమంటే చెయ్యలేదు. ఇది నా గుర్రం, సాయంత్రం గుర్రం, పొద్దున్నైతే తిన్నగానే ఉంటుంది, అంది. అత్తగారు కూడా నవ్వింది. మరుసటి ఏడాది పండగకు ఎవరి కోసమైతే గుర్రం చెయ్యాలో వాళ్ల కోసం మినేకోయే చేసింది, తెల్లవారుజామున లేచి, నాలుగు పుల్లలూ సమానంగా కోసి.

తెల్లవారుజామున. ఆమె ఏ పనైనా అప్పుడే చేస్తుంది. పిల్లల నోటు పుస్తకాలు దిద్దడం, నెల నెలా తల్లిదండ్రులకు రాసే చీటీలు, అన్నీ నాలుగింటికి లేచి. టీచర్ల కాలేజీలో చేరినప్పటి నుంచీ అంతే. పగలంతా బోర్డు మీద రాశాక సాయంత్రానికి కుడిచేతి వేళ్లు లోపలికి ముడుచుకునేవి, సుద్దముక్క జారేది, కాలి పిక్క బిగుసుకునేది. అందరికీ అలసట ఉంటుంది, ఓర్చుకునేవాళ్లు ఓర్చుకుంటారు, అనుకుంది. ఓర్చుకుంది. ఎవరికీ చెప్పలేదు. ఆ ఓర్పు ఆమెకు గర్వం కూడా. నేను నిలబడగలిగినప్పుడు నువ్వెందుకు నిలబడలేవు? సాయో నోటు పుస్తకంలో మొదటి పేజీ అక్షరాలు తిన్నగా, చివరి పేజీవి పడిపోయి ఉండేవి. మినేకో వాటి కింద రాసేది, మధ్యాహ్నం శ్రద్ధ తగ్గుతోంది. ముత్యాల్లాంటి ఎర్ర అక్షరాలతో, పొద్దున నాలుగింటికి.

"పండు ఒలవవేమ్మా?" అంది ముసలావిడ. మినేకో ఒలవబోయింది. బొటనవేలు తొక్కలోకి దిగలేదు, మిగతా వేళ్లు అరచేతిలోకి ముడుచుకుపోయాయి, పండు ఒళ్లోంచి దొర్లి కిందపడింది. ముసలావిడ వంగి తీసింది, పండు వైపు కాదు, ఆ చెయ్యి వైపు చూసింది. "ఇదేంటమ్మా, నీ చెయ్యీ మా ఆయన చెయ్యిలాగే ఉందే. ఇంత చిన్నదానివి. చూపించుకున్నావా?"

"అలసటండీ," అంది మినేకో, చెయ్యి కోటు జేబులో పెట్టుకుంటూ. "పొద్దున్నకి బాగుంటుంది."

అన్నాక ఆ మాట ఎక్కడిదో తెలిసింది. పొద్దున్నకి బాగుంటుందమ్మా. సాయో రోజూ పక్క మీద అనేది, పిక్కలు నొక్కించుకుంటూ, తల్లిని ఓదారుస్తున్నట్టు.

మొన్న ఆసుపత్రిలో చేర్చేటప్పుడు ఒక ఫారం ఇచ్చారు. పిల్ల పేరు, పుట్టిన తేదీ, మొదటి అడుగు ఎప్పుడు వేసింది. పదకొండో ప్రశ్న, మీ ఇంట్లోగాని బంధువుల్లోగాని ఇలాంటి లక్షణాలున్నవారు, లేక చిన్నతనంలో చనిపోయినవారు ఉన్నారా. ఎదురుగా చిన్న గడి. మినేకో ఆ గడిలో 'లేరు' అని రాసింది. పక్కన భర్త నిలబడి చూశాడు, సంతకానికి బదులు తన పేరు ముద్ర తీసి కింద వేశాడు. ఉన్నారని రాస్తే అది వంశపు జబ్బు అవుతుంది, ఊళ్లో తెలుస్తుంది, రేపు మాకిని చేసుకోవడానికి వచ్చేవాళ్లు వాకబు చేస్తారు, ఇవన్నీ నిజమే, ఇద్దరూ ఇవే అనుకున్నారని ఇద్దరూ అనుకున్నారు. ఉన్నారని రాస్తే తరువాతి ప్రశ్న ఒకటుంది, ఎలా చనిపోయారు. దాని గడి కొంచెం పెద్దది.

నాలుగు యాభై ఎనిమిది. తలుపు వెనక నర్సు గొంతు, మెల్లగా, మెల్లగా. తరువాత ఏమీ వినిపించలేదు. వద్దు, అనుకుంది మినేకో, ఏది వద్దో తెలియకుండా. కురొసె, నడువు. మాకి, నడువు. తలుపు తెరుచుకుంది. మాకి నడిచి రాలేదు. పరుగెత్తుకుంటూ వచ్చింది. సాయంత్రం ఐదింటికి, ఆసుపత్రి చెప్పులతో, నడవా అంతా టపటపా మోగిస్తూ, రెండు మడమలూ నేలకు ఆనిస్తూ. ముసలావిడ చప్పట్లు కొట్టింది. "చూడవయ్యా, చూసి నేర్చుకో!" అని భర్తను పొడిచింది. ముసలాయన వణికే చేతులతోనే రెండు చప్పట్లు కొట్టాడు.

"అమ్మా! అమ్మా!" మాకి ఆమె మోకాళ్ల మీద వాలింది. "చూశావా? ఇప్పుడు నానమ్మకి చెప్తావా, నేను నాటకం ఆడలేదని?"

"చెప్తాను."

"అందరికీ చెప్తావా?"

మినేకో పిల్ల ఎడమ పాదాన్ని ఎడమ చేత్తో పట్టుకుంది. వెచ్చగా, మెత్తగా, తిన్నగా ఉంది. ఇంత మెత్తగా ఉండే పాదమే. సగం మాత్ర. దుమ్ములో చాచి పట్టుకున్న కర్ర, ఎవరూ అందుకోలేదు.

తనిముర డాక్టరు ఫైలుతో వచ్చాడు, మొహం వెలిగిపోతోంది. "ఇక భయం లేదండీ టీచరుగారూ. ఒక్కటే సంగతి. ఇది ఒక్కరికే రావడం తక్కువ. పెద్దవాళ్లలో చిన్నగా ఉంటుంది, చేతిరాత సాయంత్రానికి పాడవడం, పిక్కలు పట్టెయ్యడం, వాళ్లకే తెలియదు. ఉంటే వాళ్లకూ ఇదే మందు, నెల తిరిగేసరికి హాయిగా ఉంటారు. ఇందులో లేరని రాశారు. ఇంకోసారి ఆలోచించి దిద్దుతారా?" ఫారం తెరిచి పెట్టి, పెన్ను అందించాడు.

మినేకో కుడిచెయ్యి జేబులోంచి తియ్యలేదు. పెన్నును ఎడమ చేత్తో అందుకుంది. మాకి ఆమె మొహంలోకి చూస్తోంది, నవ్వుతూ, ఎత్తిన మడమలను టక్కున నేలకు కొట్టుకుంటూ. ఇరవై రెండేళ్లుగా పిల్లల తప్పులు దిద్దిన మనిషి. ఒక్క తప్పు కూడా మరుసటి రోజుకు మిగల్చదని పేరు.

"లేరండీ," అంది మినేకో. పెన్ను తిరిగి ఇచ్చేసింది.

మరో ఐదేళ్లు గడిచాయి, మాకికి ఇప్పుడు పన్నెండేళ్లు. వేసవి పొద్దుల్లో ఊరి పిల్లల కార్డుల మీద ముద్రలు వేసేది అదే, వాళ్లమ్మ పక్కన నిలబడి. సాయో కార్డు మినేకో బల్ల సొరుగులో ఉంది, పంతొమ్మిదో తేదీ దాకా ఎర్రగా, ఆ తరువాత పన్నెండు గళ్లు తెల్లగా. ఆసుపత్రిలో మాకి ఫైలు ఏటేటా లావెక్కుతోంది. దాని అడుగున ఆ ఫారం ఉంది. పదకొండో ప్రశ్న ఎదురుగా రాసిన మాటను మినేకో ఇంకా దిద్దలేదు.